బెండలో పచ్చదోమ, కాయ పుచ్చు: మందు కొడితే కోత ఎలా?

ప్రశ్న:
అన్నా, అర ఎకరం బెండ, 45 రోజుల పంట. ఆకుల అంచులు పసుపెక్కి ముడుచుకుంటున్నాయి. ఆకు తిప్పితే లేతాకుపచ్చ పురుగులు అడ్డంగా పరిగెడుతున్నాయి. నిన్న కోసిన పది కాయల్లో రెండు పుచ్చులే. దుకాణంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఇచ్చారు. రోజు విడిచి రోజు కోత, మా పిల్లలూ ఇవే తింటారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, ఆ డబ్బా మూత తీయొద్దు. కూరగాయలపై మోనోక్రోటోఫాస్‌ను 2005లోనే నిషేధించారు. అడ్డంగా నడిచేది పచ్చదోమే. 1500 పీపీఎం (డబ్బా మీద రాసే గాఢత) వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. కలిపి, సాయంత్రం పూట ఆకు అడుగుభాగం తడిచేలా కొట్టు. పైపైన కొడితే డబ్బు దండగ.

జవాబు:
పుచ్చు కాయలు గట్టు మీద పడేయకండి. నేను అలాగే పడేస్తే పురుగు మళ్లీ చేలోకే వచ్చింది. వాడిపోయి వేలాడే చిగుళ్లను చీల్చి చూడండి, లోపల పురుగు ఉంటుంది. అవీ తుంచి పూడ్చేయండి. పురుగు చిన్నగా ఉన్నప్పుడే బీటీ మందు (బ్యాక్టీరియాతో చేసిన పురుగుమందు) పనిచేస్తుంది, అదీ సాయంత్రమే.

జవాబు:
అప్పటికీ కాయ పుచ్చు తగ్గకపోతే ఎమామెక్టిన్ బెంజోయేట్ అనే పురుగుమందు లీటరు నీటికి 0.4 గ్రాములు. ముందు కాయలన్నీ కోసి, తర్వాత కొట్టు. 5 రోజులు కోత ఆపు. ఆలోపు ముదిరిన కాయ పోతే పోనీ, సంతకు పంపకు.

ప్రశ్న అడిగినవారు:
డబ్బా తిరిగి ఇచ్చేశాను అన్నా. రేపు సాయంత్రం వేపనూనె కొడతాను.