గోదారమ్మ పూజారికి గద ఎందుకండీ?

లంకమంత్రగాడు:
ఆదివారాలు అమలాపురంలో మా మేడమీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, తలో పాత్ర వేసుకుని కథ నడిపే ఆట ఆడతామండి, 2014 రూల్స్‌తో. ఆట నడిపేది నేనే. మా బావమరిది ఏ దేవుడి క్లెరిక్‌ని, అంటే పూజారి పాత్రని, చేసినా ఒకటే వరస: గద, డాలు, దెబ్బ తగిలినోడికి వైద్యం. ఈసారి గోదారమ్మలాంటి నదీదేవత అంటున్నాడు. పూజారి శక్తుల్లో వైద్యం చేసే లైఫ్ డొమైన్ ఇవ్వనా, తుఫాను శక్తులిచ్చే టెంపెస్టా?

వరదగట్టు:
ముందు ఆవిడ ఏ నెల దేవతో తేల్చండి. మాఘంలో గోదారి వేరు, శ్రావణంలో ఎర్రనీళ్ళొచ్చిన గోదారి వేరు. ఎర్రగోదారైతే టెంపెస్టే. 5 అడుగుల్లో ఎవడైనా కొడితే ఎదురు పిడుగు పడుతుంది కదా, పిడుగు బదులు ఉరుము డ్యామేజీ తీసుకుని గట్టు తెగిన చప్పుడని చెప్పండి. థండర్‌వేవ్ మంత్రం ఎలాగూ 10 అడుగులు నెడుతుంది, అది వరద పోటు. అంకెలు మాత్రం ముట్టుకోకండి, ఆట పాడవుద్ది.

గరగలబుల్లోడు:
దేవుడి చిహ్నంగా లాకెట్టు మానేసి గరగ, అంటే అమ్మవారి కుండ, ఇవ్వండి. మా జాతరలో వేపమండలు కట్టి నెత్తిన పెట్టుకుని ఆడతారు, చెయ్యి వెయ్యరు. చిహ్నం చేత్తో పట్టుకోవాలి, లేదా ఒంటిమీదో డాలుమీదో ఉండాలని రూలు. నెత్తి ఒంట్లోది కాదా మరి?
ఇంకోటి, మనం రాజమండ్రి వంతెన మీద రైల్లోంచి రూపాయి వేస్తాం కదా. వాడూ ఏ నీళ్ళు దాటినా ఒక రాగినాణెం వెయ్యాలి. మర్చిపోతే ఆ పూట ఎదురుదెబ్బ పనిచెయ్యదు.

లంకమంత్రగాడు:
గరగకి ఎగిరి గంతేశాడండి. నాణేలు మాత్రం పార్టీ ఖాతాలోంచే అంటున్నాడు.