నాన్నకు రాకెట్ ప్రయోగం దగ్గరుండి చూపించాలి, శ్రీహరికోట వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

లేత్‌మిషన్ (హైదరాబాద్):

మా నాన్న బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో 31 ఏళ్లు టర్నర్‌గా, అంటే లేత్ మిషన్ మీద లోహం కోసే పని చేశారు. వాళ్ల షాపుకు ఇస్రో జాబ్‌లు వచ్చేవి. డ్రాయింగ్ మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆ ముక్క ఏ రాకెట్‌లో పెడతారో, ఎక్కడ బిగిస్తారో ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు తేడా వస్తే జాబ్ వెనక్కి వచ్చేదని మాత్రం ఇప్పటికీ చెబుతారు. టీవీలో ప్రయోగం వచ్చిన ప్రతిసారీ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంటారు.

ఇప్పుడు 71 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. అన్నేళ్లు మిషన్ల మధ్య పనిచేయడం వల్ల చెవులు బాగా తగ్గాయి, చెవి మిషన్ పెట్టుకున్నా సగమే వినిపిస్తుంది. ఒక్కసారైనా నిజం రాకెట్ చూపించాలని నా కోరిక. ఎలా వెళ్లాలి, ఎక్కడి నుంచి చూడాలి, ఆయన అంతసేపు కూర్చోగలరా? అసలు శబ్దం సరిగ్గా వినపడని మనిషికి అక్కడ ఏం దక్కుతుంది? మా తమ్ముడు ఈ మాటే అని ఎందుకంత శ్రమ అంటున్నాడు. నాకు మాత్రం తీసుకెళ్లాలనే ఉంది.

పులికాట్ ఒడ్డు (సూళ్లూరుపేట):

తమ్ముడూ, తీసుకురా. నేను పుట్టింది, పెరిగింది, కాపురం చేస్తున్నది అన్నీ సూళ్లూరుపేటలోనే. మీ నాన్నకు ఏం దక్కుతుందో చివర చెప్తా, ముందు దారి సంగతి.

హైదరాబాద్ నుంచి చెన్నై పోయే బండ్లు చాలా వరకు గూడూరులో ఆగుతాయి. మా ఊళ్లో ఏది ఆగుతుందో టికెట్ తీసేటప్పుడే చూసుకో. గూడూరు నుంచి మాకు 55 కిలోమీటర్లు, హైవే మీదే. చెన్నై దాకా పోయినా ఇబ్బంది లేదు, అక్కడి నుంచి మా ఊరికి లోకల్ రైళ్లున్నాయి. ఊరి నుంచి శ్రీహరికోట మరో 20 కిలోమీటర్ల లోపే, పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డు. వానలు పడ్డాక వస్తే ఆ రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే. ఎండాకాలంలో నీళ్లు తీసిపోయి తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది.

లోపల జనం కూర్చుని చూడటానికి 2019లో గ్యాలరీ కట్టారు. టికెట్ లేదు గానీ ముందే ఆన్‌లైన్‌లో పేరు రాయించుకోవాల. తేదీ ప్రకటించాక రిజిస్ట్రేషన్ తెరుస్తారు, పేరున్న ప్రయోగమైతే సీట్లు గమ్మున అయిపోతాయి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇద్దరికీ ఉండాల. స్టేడియంలాగా మెట్లు మెట్లుగా ఉంటుంది, గంటల ముందే చేరుకుని కూర్చోవాల. మోకాళ్ల నొప్పులంటున్నావు కాబట్టి కింది వరసలో చోటు చూసుకో, మెత్తటి గుడ్డ ఏదైనా కింద వేసుకోనీ.

గ్యాలరీలో చోటు దొరక్కపోతే బాధపడొద్దు. మా ఊళ్లో సగం మంది మేడ మీద నుంచే చూస్తాం. రాకెట్ లేచిన దాదాపు నిమిషానికి మాకు శబ్దం చేరుతుంది. అంటే అది ఆకాశంలో చాలా పైకి పోయి ఉంటుంది, అప్పుడు ఉరుము మొదలవుతుంది. గ్యాలరీ దగ్గర కాబట్టి తొందరగానే వస్తుంది, కిలోమీటరుకు మూడు సెకన్లు లెక్క.

ఇప్పుడు మీ నాన్న సంగతి. మా అత్తకు 80 దాటాయి, చెవులు అసలు పనిచేయవు. అయినా ప్రతి ప్రయోగం ఆమెకు తెలుస్తుంది. వంటింట్లో గిన్నెల స్టాండులో స్టీలు పళ్లేలు గలగలమంటాయి, కిటికీ అద్దాలు అదురుతాయి. ఆమె ముందుగానే మేడ మీది ఇనప గేటు పట్టుకుని నిలబడుతుంది. ఆ అదురు చేతిలోకి వస్తుందంట, అక్కడి నుంచి రొమ్ములోకి. టర్నర్ పని చేసిన మనిషికి ఇది మనం చెప్పాలా? టూల్ సరిగ్గా కోస్తందా లేదా అని చేతికి తెలిసేది ఆయనకే కదా.

ఒక్కరోజు సెలవు (చెన్నై):

అక్క చెప్పినవన్నీ నిజం. నేను చేసిన తప్పు మీరు చేయకండి. 2024 డిసెంబర్ 4న పీఎస్ఎల్‌వీ-సీ59 రాకెట్‌లో యూరప్ వాళ్ల ప్రోబా-3 ఉపగ్రహాల ప్రయోగానికి వెళ్లాను. ఆఫీసులో ఒక్కరోజే సెలవు పెట్టాను. సాయంత్రం 4:08కి లేవాల్సింది, ఉపగ్రహంలో ఏదో తేడా కనిపించిందని ఆపేశారు. మర్నాడు 4:04కి చక్కగా వెళ్లింది. నేను మాత్రం ఆఫీసులో ఫోన్‌లో చూశాను. ఇప్పటికీ మనసులో ఉంది. మీరు కనీసం మూడు రోజులు చేతిలో పెట్టుకోండి. తిరుగు టికెట్ రద్దు చేసుకోగలిగేదే తీసుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తుపాన్ల కాలం కాబట్టి అప్పుడు ఇంకో రోజు ఎక్కువే పెట్టుకోండి.

ఆ నెలాఖరున, 30న రాత్రి పది గంటలకు స్పేడెక్స్ (రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలో కలిపే ప్రయోగం) రాకెట్ చూడటానికి మళ్లీ వెళ్లి సూళ్లూరుపేటలో ఒక మేడ మీద నుంచి చూశాను. రాత్రిపూట చూడగలిగితే అదే చూపించండి. తూర్పు దిక్కు మొత్తం నారింజ రంగులోకి తిరిగింది, కింద కాలవలో నీళ్లు కూడా మెరిశాయి. చెవులతో పని లేకుండా చూసే దృశ్యం అది.

పులికాట్ ఒడ్డు:

ఆపేయడం గురించి ఇంకో మాట. 2019 జూలై 15 తెల్లవారుజామున 2:51కి చంద్రయాన్-2 పోవాల్సింది. 56 నిమిషాల ముందు ఆపేశారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిలకాయలు నిద్రమొహాలతో రోడ్డు మీద నడిచిపోతుంటే మా వీధిలో నాలుగిళ్ల వాళ్లం టీలు పెట్టిచ్చాం. వారానికి, 22న మధ్యాహ్నం 2:43కి పోయింది. మళ్లీ వచ్చినవాళ్లలో ఆ పిలకాయలు కొందరు మమ్మల్ని గుర్తుపట్టి పలకరించారు.

వచ్చినప్పుడు చెంగాళమ్మ గుడికి పోండి, కాళంగి నది ఒడ్డునే. ప్రయోగానికి ముందు ఇస్రో చైర్మన్లు వచ్చి దణ్ణం పెట్టుకుని పోయేది ఆ తల్లికే. చలికాలమైతే దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు, సరస్సులో ఫ్లెమింగోలు. ఒక రోజు ఎక్కువ ఉండాల్సి వచ్చినా ఊరికే లాడ్జిలో కూర్చోవాల్సిన పని లేదు.

కంచన్‌బాగ్ (హైదరాబాద్):

తమ్ముడూ, మీ నాన్నగారికి ఇది చెప్పండి. పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి దశ కేసింగ్, అంటే ఇంధనం ఉండే బయటి గొట్టం, మారేజింగ్ స్టీలు అనే చాలా గట్టి ఉక్కుతో చేస్తారు. ఆ స్టీలు మన కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహాల కంపెనీ మిధానీలో తయారవుతుంది. ఆయనకు ఆ లోహం పేరు చెబితే చాలు, ఎంత గట్టిదో మీకే వివరిస్తారు.

ఏ రాకెట్ చూడాలన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. పీఎస్ఎల్‌వీ 44 మీటర్లు, 320 టన్నులు. ఒక్క ఉదుటున లేచిపోతుంది, కళ్లు ఆర్పితే సగం తప్పిపోతుంది. ఇస్రో రాకెట్లలో అన్నిటికన్నా పెద్దదైన ఎల్‌వీఎం3 640 టన్నులు. పక్కనున్న రెండు బూస్టర్లలో ఒక్కోదానిలో 200 టన్నుల ఘన ఇంధనం. బరువుగా, నెమ్మదిగా పైకి లేస్తుంది. పెద్దాయన కళ్లతో తనివితీరా చూడాలంటే నా ఓటు ఎల్‌వీఎం3కే. కాకపోతే అది తక్కువ సార్లు వెళ్తుంది, ఎదురుచూడాలి.

లేత్‌మిషన్:

అందరికీ చాలా థాంక్స్. రాత్రి అన్నం తినేటప్పుడు నాన్నకు మీ మాటలన్నీ గట్టిగా చదివి వినిపించాను. మారేజింగ్ స్టీలు అనగానే ముద్ద పక్కన పెట్టేసి, దాన్ని కోసే కార్బైడ్ టిప్ (టూల్ మొన) ఎంత వేగంగా అరిగిపోతుందో అరగంట చెప్పారు. ఎల్‌వీఎం3 వచ్చేదాకా ఆగుదామని ఆయనే తేల్చారు. మా తమ్ముడు కూడా వస్తానంటున్నాడు.

అక్కా, గ్యాలరీ కన్నా మీ ఊళ్లో మేడే కావాలట ఆయనకు. పట్టుకోవడానికి ఇనప గేటు ఉండాలని అడగమన్నారు.

పులికాట్ ఒడ్డు:

మా మేడ మీదికి 18 మెట్లు, పక్కన కమ్మీ ఉంది, మెల్లగా ఎక్కొచ్చు. తేదీ ప్రకటించగానే ఇక్కడ ఒక్క ముక్క రాయి. గేటు దగ్గర మా అత్త పక్కనే కుర్చీ వేస్తా.