ఇంగ్లిషు మాటల్లో సిలబుల్స్ లెక్క: స్కూల్ ఒకటా, రెండా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)
నమస్కారమండీ. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఇంగ్లిషు మాటల్లో సిలబుల్స్, అంటే ఒక్క ఊపులో పలికే ధ్వని భాగాలు, లెక్కించమని ఇంటిపని ఇచ్చారు. స్కూల్, ఫిల్మ్ అనే మాటలకు నేను రెండేసి అని రాయించగా, టీచరు రెండింటికీ ఒక్కొక్కటే అని దిద్దారు. ఎ, ఇ, ఐ, ఓ, యూలలో ఒక్కటీ లేని రిదమ్‌కు మాత్రం రెండట. పిల్లకు తప్పు నేర్పానన్న బాధతో అడుగుతున్నాను: నమ్మదగిన పద్ధతి ఏదైనా ఉన్నదా? చాక్లెట్‌కు రెండా, మూడా?

సమాధానం (సీతమ్మధార, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)
అమ్మా, ఇందులో బాధపడవలసినది లేదు. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి కనుక, హల్లుతో ముగిసే పరాయి మాటకు మనం ఉకారం చేర్చి స్కూలు, బస్సు అంటాము. ఫిల్మ్‌లో నడుమ ఇకారం చొప్పించి ఫిలిం అంటాము. మీకు రెండవదిగా వినిపించినది మనం చేర్చిన ఆ అచ్చే. పద్యానికి గణవిభజన చేసేటప్పుడు సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షరంగా గణించి, పొల్లును విడిగా లెక్కపెట్టక ముందరి అక్షరంతో కలిపి గురువుగా తీసుకుంటాము కదా, ఇక్కడా అలాగే చేయండి. స్కూల్ ఒక్క గురువు. స్పెల్లింగులో తొమ్మిది అక్షరాలున్న స్ట్రెంగ్త్స్ కూడా ఒక్క గురువే.

సమాధానం (గాజువాక, ఇంగ్లిషు ఉపాధ్యాయిని)
మాస్టారు చెప్పిన కొలత నాకెంతో నచ్చింది, రేపే తరగతిలో చెబుతాను. అయితే దానిని స్పెల్లింగుకు కాక ఉచ్చారణకు మాత్రమే వర్తింపజేయాలి. వారంలో బుధవారం పేరును రాతలో చూస్తే మూడనిపిస్తుంది, పలకడంలో వెన్జ్‌డే అని రెండే. భూతకాలం కోసం మాట చివర చేర్చే ఈడీ (-ed) అనేది టీ లేదా డీ ధ్వని తరువాత వచ్చినప్పుడే కొత్త సిలబుల్ అవుతుంది: వాంటెడ్ రెండు, వాక్డ్ ఒకటి. మన పిల్లలు వాకెడ్ అని పలకడం వల్లనే ఇక్కడ ఎక్కువగా పొరపాటు పడుతున్నారు.

రిదమ్ చివర మకారమే అచ్చు స్థానంలో నిలిచి ఒక సిలబుల్‌ను మోస్తుంది. బటన్‌లో నకారం, బాటిల్‌లో లకారం అంతే. గడ్డం కింద చెయ్యి పెట్టి అది ఎన్నిసార్లు దిగిందో చూడమనే చిట్కా ఇటువంటి మాటల దగ్గర పనిచేయకపోవచ్చు, ఎందుకంటే అచ్చు లేనప్పుడు నోరు పెద్దగా తెరుచుకోదు. చాక్లెట్‌ను ఎక్కువమంది రెండుగానే పలుకుతారు, నెమ్మదిగా పలికితే మూడు. కంఫర్టబుల్ మామూలు సంభాషణలో మూడే.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మాయి గురువులు పెట్టుకుంటూ పది మాటలు సరిగ్గా లెక్కించింది, ఫైర్ దగ్గర మాత్రం ఆగిపోయింది.

సమాధానం (గాజువాక)
ఆగవలసిన చోటే ఆగింది. ఆ మాటను ఒకటిగా పలికేవారూ ఉన్నారు, రెండుగా పలికేవారూ ఉన్నారు. నిఘంటువులు కూడా రెండింటినీ అంగీకరిస్తాయి. బడిలో ఏ నిఘంటువును ప్రమాణంగా తీసుకుంటున్నారో టీచరును అడిగి, దాని ప్రకారం రాయించండి.