అంకెల మధ్య గుర్తులు పెట్టి 100 తెప్పించడం: మీరు ఎక్కడ మొదలుపెడతారు?

ఓరుగల్లు_లెక్కలు
1 2 3 4 5 6 7 8 9. వరుస మార్చకూడదు, మధ్యలో గుర్తులు పెట్టి 100 తేవాలి. పక్కపక్క అంకెల్ని కలిపి 12, 123 అని తీసుకోవచ్చు. మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఇస్తే చాలామంది 1+2+3+4+5+6+7+8×9 అని రాశారు. 28కి 72 కలిపితే 100, కరెక్టే. ఇంటూ, బై వద్దు, ప్లస్ మైనస్‌లే వాడాలి అనేసరికి ఆగిపోయారు. ఊరికే ప్రయత్నిస్తూ పోవడం కాకుండా మీకేమైనా పద్ధతి ఉందా?

కాజీపేట_ప్యాసింజర్
సార్, నేను పెద్ద సంఖ్య పట్టుకుంటా. ముందు 123 పెట్టేస్తే 23 ఎక్కువ. ఇక మిగతా అంకెలతో ఆ 23 తగ్గించాలి. 45, 67 తీసేసి 89 కలిపితే సరిగ్గా అంతే తగ్గుతుంది.
123−45−67+89 = 100. మూడే గుర్తులు!
చివరి నుంచి వచ్చినా బాగుంటుంది. 78 పెట్టుకుంటే ఇంకా 22 కావాలి: 1+2+3−4+5+6+78+9. సికింద్రాబాద్ రైల్లో జనగామ దాకా మా బ్యాచ్‌కి ఇదే పని.

భూపాలపల్లి_నైట్‌షిఫ్ట్
ఒక్క మైనస్ కూడా లేకుండా, ప్లస్‌లతోనే వస్తుందా? చాలాసేపు కూర్చున్నా. 1+2+3+4+5+67+8+9 చేస్తే 99. 1+2+3+4+5+6+78+9 చేస్తే 108. మధ్యలో 100 మాత్రం దొరకట్లేదు.

కేయూ_ఎమ్మెస్సీ
రాదు అన్నా. తెల్లవార్లూ కూర్చున్నా రాదు, దానికి కారణం మీ జవాబుల్లోనే ఉంది. 99, 108 రెండూ 9తో పూర్తిగా భాగం పోయేవే.

10లో 9 తీసేస్తే 1 మిగులుతుంది, 100లో 99 తీసేసినా 1. అందుకే 67ని 9తో భాగించినా, 6+7ని భాగించినా శేషం ఒకటే. అంకెల్ని ఎలా కలిపి రాసినా, ప్లస్‌లే ఉన్నంతసేపు మొత్తం శేషం 1+2+...+9, అంటే 45 శేషమే. అది సున్నా. 100కి శేషం 1. కాబట్టి కుదరదు.

అసలు ఉపయోగం ఇప్పుడు చెప్తా. ఒక సంఖ్య ముందు ప్లస్ తీసి మైనస్ పెడితే మొత్తం దానికి రెండింతలు తగ్గుతుంది. శేషం 0 పోయి 1 రావాలంటే ఆ తగ్గే రెండింతలకు 9తో శేషం 8 ఉండాలి. ఆ లెక్కన చూస్తే మైనస్ పడిన సంఖ్యల్లోని అంకెల్ని కూడితే 4, 13, 22, 31... ఇలా 9 చొప్పున పెరిగే వాటిలో ఒకటే రావాలి. ప్యాసింజర్ అన్న మొదటి జవాబులో 4+5+6+7 = 22. రెండోదాంట్లో 4 ఒక్కటే. సగం దారులు పెన్ను పెట్టకముందే కొట్టేయొచ్చు. 1 ముందు మైనస్ పెట్టకుండా మొత్తం 11 జవాబులున్నాయి. ఇంటూ, బై వస్తే మాత్రం ఈ సూత్రం పనిచేయదు.

ఓరుగల్లు_లెక్కలు
తమ్ముడూ, ఇది రేపే క్లాసులో చెప్తా. జవాబు దొరకడం కన్నా, అది లేదని నిరూపించడమే పిల్లలకు ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం.

మంచిర్యాల_అక్క
మా అమ్మాయి రైల్వే పరీక్షకు చదువుతోంది. అందులో నక్షత్రాలు పెట్టి ఇస్తారు: 18 * 3 * 4 * 20 * 4. ఈక్వల్ టు గుర్తు కూడా మనమే పెట్టాలి. అక్కడ ఆలోచిస్తూ కూర్చుంటే టైమ్ పోతుంది, ఆప్షన్లే పెట్టి చూడాలి. 4÷20 లాంటిది కనిపిస్తే ముందే పక్కన పెట్టేయొచ్చు. 18÷3×4 = 20+4, రెండు వైపులా 24.
ఇంకో జాగ్రత్త. బోడ్మాస్‌లో కూడిక ముందుంది కదా అని 20−4+6ని కొందరు 10 అంటారు. కూడికకూ తీసివేతకూ ఒకే హోదా, ఎడమ నుంచి కుడికి పోవాలి. జవాబు 22.

జమ్మికుంట_బండి
మాది నంబర్ ప్లేట్ల ఆట. ముందు పోయే బండి నాలుగంకెలతో, అదే వరుసలో, 10 తేవాలి. బ్రాకెట్లు పెట్టుకోవచ్చు. ఇవి చూడండి:
8115: 8÷(1−1÷5)
1919: (1÷9+1)×9
3748: (3−7÷4)×8
అందరూ ఇక్కడే ఓడిపోతారు, ఎందుకంటే మధ్యలో భిన్నం వస్తుందని ఎవరూ అనుకోరు. 1919లో లోపల 10/9 వస్తుంది, 9తో గుణిస్తే 10. భిన్నానికి భయపడకుండా ఉంటే ఈ ఆట సగం గెలిచినట్టే.

భూపాలపల్లి_నైట్‌షిఫ్ట్
తమ్ముడి సూత్రం పెట్టి 9 8 7 6 5 4 3 2 1 తిరగేసి చూశా. అంకెల మొత్తం అదే 45 కదా, కాబట్టి అదే నియమం. 98−76+54+3+21 = 100. మైనస్ కింద 7, 6, మొత్తం 13. 9−8+76+54−32+1 కూడా వచ్చింది, అక్కడా 13. మొత్తం 4 వచ్చేది ఉందా?

కాజీపేట_ప్యాసింజర్
ఉంది అన్నా, రెండు దొరికాయి. 76 పట్టుకోండి.
9+8+76+5−4+3+2+1
9+8+76+5+4−3+2−1