ఒకే కొండ, ఒకే కాఫీ: పడమటి వాలులో ఆకు ఎందుకు మాడుతోంది?

ప్రశ్న: పాడేరు దగ్గర మా మామయ్య వాళ్లకి కొండ మీద రెండెకరాల కాఫీ ఉంది. నాటిన ఏడూ ఒకటే, మొక్కలూ ఒకే నర్సరీవి. తూర్పు వాలులో గుబురుగా ఉన్నాయి. పడమటి వాలులో ఏప్రిల్ వచ్చేసరికి ఆకులు మాడుతున్నాయి, కాండం తొలిచే పురుగూ అక్కడే ఎక్కువ. ఎరువు పెంచమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎరువు జోలికి అప్పుడే వెళ్లొద్దు తమ్ముడూ. రెండు వైపులా పడే ఎండ ఇంచుమించు సమానమే, వేళలోనే తేడా. పొద్దుటి ఎండలో చాలా భాగం మంచునీ తడినీ ఆరబెట్టడానికే సరిపోతుంది. పడమటి వాలుకి ఎండ తగిలేసరికి నేల ఆరి, గాలి వేడెక్కి ఉంటుంది. ఇక ఆ ఎండంతా ఆకు మీదా మట్టి మీదా పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి రెండు చోట్లా ఆకు చెత్త పక్కకి జరిపి మట్టిలో వేలు గుచ్చి చూడు. తూర్పున వేలికి మట్టి అంటుకుంటుంది, పడమట పొడిలా రాలిపోతుంది. తెల్ల కాండం తొలుచు పురుగుకి కూడా నీడ లేని, ఎండ తగిలే కాండమే ఇష్టం. అటువైపు నీడ చెట్లు ఎలా ఉన్నాయి?

ప్రశ్న: సిల్వర్ ఓక్‌లు ఉన్నాయన్నా, కానీ కొమ్మలు బాగా కొట్టేశారు. పైన కొండ అంచున బండ తేలింది. ఉత్తరం వాలు ఖాళీగా ఉంది, అక్కడ వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు, నాకైతే అదే మంచి చోటు అనిపిస్తోంది. మన కొండలు 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, కాబట్టి ఉత్తరపు వాలుకి ఎండ ఏటవాలుగా తగులుతుంది. వానలు ఆగాక కూడా తడి చాలాకాలం నిలుస్తుంది. మే మధ్యలో సూర్యుడు నడినెత్తికి వచ్చి, ఆ తర్వాత కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. అయితే జూన్‌కల్లా మబ్బులు కమ్ముతాయి కదా.

కింద గెడ్డ (వాగు) దాకా మాత్రం దిగొద్దు. రాత్రి చల్లగాలి నీళ్లలా కిందికి జారి పల్లంలో నిలిచిపోతుంది, లేత ఆకు మాడుతుంది. లంబసింగి చలి తెలుసుగా!

బండ తేలిన చోట మన్ను వానకి కొట్టుకుపోయి ఉంటుంది, వేరు దిగదు. అక్కడ కాఫీ వద్దు, ఉన్న చెట్లని ఉండనివ్వు. పడమట ఈ వానల్లో పనస, మామిడి మొక్కలు పెట్టి, వాలుకి అడ్డంగా కందకాలు తవ్వించు. ఆకు చెత్త ఊడవనివ్వొద్దు. కొత్త కాఫీ, నీడ వచ్చాకే.

ప్రశ్న: సరే అన్నా. ఆదివారం వెళ్తున్నా, మూడింటికి రెండు వైపులా మట్టి ఫోటోలు తీసి పెడతా.