మిర్చి రైతుల కంపెనీ ప్రెజెంటేషన్: మొదటి స్లైడ్ ఎలా ఉంటే బాగుంటుంది?

పల్నాటి_రైతుబిడ్డ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారమండీ. మాది పల్నాడు జిల్లా. చుట్టుపక్కల ఊళ్ల మిర్చి రైతులం కలిసి ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకున్నాం. తేజ, 334 రకాలు తొడిమ తీసి, గ్రేడింగ్ చేసి, యార్డుకి తోలకుండా నేరుగా మసాలా కంపెనీలకు అమ్మాలని చూస్తున్నాం. వచ్చే నెల గుంటూరులో కొనుగోలుదారుల సమావేశం ఉంది. ఒక్కో కంపెనీకి పది నిమిషాలు ఇస్తారట. కొచ్చి, ముంబయి నుంచి ఎగుమతిదారులు వస్తున్నారు, బ్యాంకువాళ్లు ఉంటారు, మా డైరెక్టర్లు కూడా వస్తారు. వాళ్లంతా రైతులే.

లోపలి స్లైడ్లు బాగానే కుదిరాయి. మొదటిది మాత్రం ఎంత మార్చినా తృప్తిగా రావడం లేదు. ప్రస్తుతం స్లైడ్ అంతా మిర్చి కుప్ప ఫొటో. దాని మీద పసుపు రంగులో కంపెనీ పేరు తెలుగులో, ఇంగ్లీషులో. కింద 'కంపెనీ ప్రొఫైల్' అని ఉంది. ఆ కింద రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, ఫోన్లు. ఎడమ పక్క మా లోగో, కుడి పక్క మాకు సాయం చేసిన సంస్థల లోగోలు. పేరు కింద నుంచి పైకి వచ్చేలా యానిమేషన్ పెట్టాను. మండలాఫీసులో తెర మీద వేసి చూస్తే వెనక కుర్చీలోంచి లోగోలు తప్ప ఏదీ కనిపించలేదు.

ఫొటో ఉంచాలా, తీసేయాలా? ఏ రంగులు వాడాలి? తెలుగు ఉండాలా, వద్దా? డిజైనర్‌ని పెట్టుకునేంత బడ్జెట్ లేదు. పవర్‌పాయింట్ వచ్చు, చెబితే చేసుకోగలను.

హైటెక్_సేల్స్ జవాబు

నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు వేసి చూడండి బ్రదర్, రిచ్‌గా ఉంటుంది. మా ఆఫీసులో అన్నీ అలాగే చేస్తాం. లోగోలు రెండుకి మించొద్దు. రెడీమేడ్ టెంప్లేట్ తీసుకుంటే సగం పని అయిపోతుంది.

బెజవాడ_అక్షరం జవాబు

నేను విజయవాడలో చాలాకాలం డీటీపీ సెంటర్ నడిపాను. ఇప్పుడు ఇంట్లోంచే చిన్న కంపెనీలకు ప్రెజెంటేషన్లు, బ్రోచర్లు చేస్తున్నాను. మీ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను, జవాబు పొడుగైతే ఏమనుకోకండి.

ముందు ఆ స్లైడ్ హాల్లో ఏం పని చేస్తుందో చూద్దాం. మీ ముందు మాట్లాడినాయన దిగుతారు. ఎవరో మీ పెన్‌డ్రైవ్ పెట్టి ఫైల్ వెతుకుతారు. మైకు చేతులు మారుతుంది. ఇంతలో ఒకరిద్దరు టీకి లేస్తారు. అంతసేపూ తెర మీద ఉండేది మొదటి స్లైడే. మిగతా స్లైడ్లకు మీరు పక్కన నిలబడి వివరం చెబుతారు. దీనికి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. కాబట్టి కొచ్చి నుంచి వచ్చినాయన దాన్ని చూడగానే 'వీళ్ల దగ్గర నాకు పనికొచ్చేది ఉంది' అనుకోవాలి. దానికి పనికిరానిది ఏదైనా సరే ఆ స్లైడ్ నుంచి తీసేయమంటాను.

అందుకే 'కంపెనీ ప్రొఫైల్' అనే మాట మొదట పోవాలి. ఆ రోజు హాల్లో మాట్లాడే ప్రతి ఒక్కరిదీ కంపెనీ ప్రొఫైలే. ఆ చోట, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, మీరు ఇవ్వగలిగినదేదో ఒక్క వాక్యంలో రాయండి. 'తొడిమ తీసిన తేజ మిర్చి, ప్రతి లాటుకూ రైతు వివరం, ల్యాబ్ రిపోర్టు' లాంటిది. ఇది మీ ప్రశ్న చదివి నేను ఊహించి రాసింది. మీరు నిజంగా చేస్తున్నదే రాయాలి, రెండో స్లైడ్‌లో దానికి రుజువు కనిపించాలి. ఈ వాక్యం ఇంగ్లీషులో పెట్టండి, ఆర్డరు ఇచ్చేవాళ్లు చదవాల్సింది అదే. కంపెనీ పేరు మాత్రం తెలుగులోనే ఉంచండి. గుంటూరు మిర్చి కొనడానికి వచ్చినవాళ్లకు తెలుగు అక్షరం కనబడితే సరుకు ఏ నేల నుంచి వచ్చిందో తెలుస్తుంది. మీ డైరెక్టర్లకూ అది తమ కంపెనీలా అనిపిస్తుంది. ఇంగ్లీషు పేరు కింద చిన్నగా ఉంటే చాలు.

ఇక ఫొటో. మిర్చి కుప్ప ఫొటో అందంగానే ఉంటుంది కానీ దాని మీద అక్షరాలు నిలవవు. దగ్గరగా పెద్దది చేసి చూడండి. ప్రతి కాయ మీదా ఒక తెల్లటి మెరుపు గీత, దాని పక్కనే నల్లటి నీడ. స్లైడంతా అలాంటి మెరుపులూ నీడలే. ఏ రంగు అక్షరం వేసినా ఒక ముక్క మెరుపులో కలిసిపోతుంది, ఇంకో ముక్క నీడలో కలిసిపోతుంది. షాడో పెట్టినా, అవుట్‌లైన్ పెట్టినా ఇంకా గజిబిజి అవుతుంది తప్ప లాభం లేదు.

కొత్త ఫొటో తీయండి, మీ ఫోను చాలు. గ్రేడింగ్ షెడ్డులో కిటికీ పక్కన తెల్ల గుడ్డ పరవండి. తొడిమలు తీసే అమ్మను అడిగి, ఒప్పుకుంటే, ఆమె అరచేతిలో నాలుగైదు తేజ కాయలు పెట్టి తీయండి. తొడిమ ఊడిన చోట చిన్న గుంటలా ఉంటుంది కదా, అది కెమెరా వైపు ఉండాలి. మీ సరుకు గురించి చెప్పాల్సిన మాట అక్కడే ఉంది. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుగు పక్కనుంచి పడితే కాయల ముడతలు కూడా కనిపిస్తాయి. ఫోను అడ్డంగా పట్టుకోండి. జూమ్ చేయకుండా మీరే దగ్గరికి జరగండి. చెయ్యి ఫ్రేములో కుడి వైపు మూడో వంతులో ఉండాలి, ఎడమ వైపంతా ఖాళీ గుడ్డే కనిపించాలి. అక్షరాలు వచ్చేది అక్కడే. సీజన్ అయితే కళ్లంలో ఆరబోసిన మిర్చిని పొద్దున్నే డాబా మీద నుంచి తీసినా బాగుంటుంది. కింద సగం ఎరుపు, పైన సగం ఆకాశం వస్తే ఆకాశంలో అక్షరాలు పెట్టుకోవచ్చు. ఫోన్‌లోంచి కంప్యూటర్‌కి వాట్సాప్‌లో పంపేటట్లయితే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు ఫొటోలా పంపితే సైజు తగ్గించేస్తుంది, తెర మీద మసకగా వస్తుంది.

రంగుల విషయంలో పైన సేల్స్ గారు చెప్పిన నల్ల బ్యాక్‌గ్రౌండ్ అన్ని హాళ్లకూ సరిపడదు. ప్రొజెక్టర్ నలుపును వేయలేదండీ. నలుపు ఉన్నచోట అది వెలుగు పంపదు, అంతే. ట్యూబులైట్లు వెలుగుతున్న హాల్లో ఆ భాగం బూడిద రంగులో కనబడుతుంది. అలాంటి హాలుకు తెలుపో లేత క్రీమో బ్యాక్‌గ్రౌండ్, దాదాపు నలుపు అనిపించే ముదురు అక్షరాలు మంచివి. అదే ఎల్‌ఈడీ తెర అయితే ముదురు బ్యాక్‌గ్రౌండ్ చక్కగా వస్తుంది, పూర్తి తెలుపే కళ్లు చెదిరేలా ఉంటుంది. నిర్వాహకులకు ఫోన్ చేసి ప్రొజెక్టరా, ఎల్‌ఈడీనా అని అడగండి, లైట్లు ఆర్పుతారా అని కూడా అడగండి. ఎరుపును మిరపకాయలకే వదిలేయండి. స్లైడ్‌లో ఇంకెక్కడా ఎరుపు లేకపోతే చూపు నేరుగా ఆ చేతి మీదకే వెళ్తుంది.

తెలుగు అక్షరాల దగ్గర కొంచెం ఓపిక పట్టండి. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. పవర్‌పాయింట్ మామూలు టెంప్లేట్‌లో టైటిల్ వరసల మధ్య దూరం 0.9 ఉంటుంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. మీ పేరులో 'ఉత్పత్తిదారుల' అనే మాట ఉంది చూడండి, అందులో పావత్తు, తావత్తు రెండూ కిందికి దిగుతాయి. కింది వరసలో 'లిమిటెడ్' వస్తే దాని గుడులు వెళ్లి వాటికి తగులుతాయి. లైన్ స్పేసింగ్‌లో మల్టిపుల్ ఎంచుకుని 1.1 లేదా 1.2 పెట్టండి, అక్షరాలకు ఊపిరాడుతుంది. బోల్డ్ బటన్ నొక్కే ముందు ఆ ఫాంటుకు సొంత బోల్డ్ ఉందో లేదో చూడండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ ఉన్న గీతనే లావు చేస్తుంది. 'ఠ'లో చుక్క, 'ధ'లో ఖాళీ పూడుకుపోతాయి. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు ఫాంట్లలో సన్నం నుంచి లావు దాకా విడివిడిగా చెక్కిన అక్షరాలున్నాయి, రెండూ ఉచితమే. బాగా లావుగా కావాలంటే రామభద్ర ఉంది. ఇటాలిక్ మాత్రం తెలుగుకు వద్దే వద్దు.

ఇంకో జాగ్రత్త. మీ ఊరి డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించిన పేరును స్లైడ్‌లో అతికించకండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తాయి. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే యూనికోడ్‌లోనే టైపు చేయండి. పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ దగ్గరికి వెళ్తే ఫాంట్లను ఫైల్‌లోనే కలిపేసే టిక్ ఉంటుంది, అది పెట్టండి. పీడీఎఫ్ కాపీ ఒకటి అదే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.

యానిమేషన్ తీసేయండి. క్లిక్ చేస్తేగానీ పేరు రాదంటే, అందరూ కూర్చునేసరికి తెర మీద పేరు లేని స్లైడ్ ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, ఫోన్లు, సాయం చేసిన సంస్థల లోగోలు చివరి స్లైడ్‌కి. తేదీ, ఊరు మాత్రం ఒక మూల చిన్నగా ఉండనివ్వండి, ఫైల్ తర్వాత పదిమంది చేతులు మారినా ఎప్పటిదో తెలుస్తుంది.

అయ్యాక స్లైడ్ సార్టర్‌లోకి వెళ్లి బొమ్మ బొటనవేలంత ఉన్నప్పుడు చూడండి. అప్పుడూ పెద్ద వాక్యం చదవగలిగితే వెనక వరసకు ఇబ్బంది ఉండదు.

మసాలా_కొనుగోలు జవాబు

నేను కొనుగోలు విభాగంలో ఉంటాను, ఇలాంటి సమావేశాలకు వెళ్తుంటాను. పైన అక్షరం గారు చెప్పినదానికి మా వైపు నుంచి రెండు మాటలు.

'నాణ్యమైన', 'ప్రపంచ స్థాయి' లాంటి మాటలు అన్ని స్లైడ్ల మీదా ఉంటాయి, మేం చదవం. అంకె కనిపిస్తే ఆగుతాం. ఐరోపాకు పంపే మిర్చిలో ఆఫ్లటాక్సిన్ల (బూజు వల్ల పుట్టే విషాలు) లెక్క చూస్తారు. వాటిలో బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం ఆఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. పురుగుమందుల అవశేషాలకు వేరే పరిమితులున్నాయి. మీ లాట్లు ఆ పరిమితుల లోపల ఉన్నట్టు రిపోర్టులుంటే మొదటి స్లైడ్ వాక్యంలో ఆ సంగతి రావాలి. నెలకు ఎన్ని టన్నులు ఇవ్వగలరో కూడా చెబితే ఇంకా మంచిది.

ఇంకొకటి, చాలామంది అలవాటుగా 'గుంటూరు సన్నం' అని పెద్దగా వేస్తుంటారు. అది ఒక మిర్చి రకానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న పేరు. వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. పైగా తేజ వేరే రకం. మీరు అమ్మేది తేజ అయితే తేజ అనే రాయండి, మాకు కావలసిందీ అదే.

పల్నాటి_రైతుబిడ్డ

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్సండీ. కనుక్కున్నాను, హాల్లో ప్రొజెక్టరే, లైట్లు ఆర్పరు. ఫొటో నిన్న షెడ్డులో తీశాం, తెల్ల గుడ్డ మీద చెయ్యి, కాయలు బాగా వచ్చాయి. పెద్ద వాక్యం ఇంగ్లీషులో ఈ అర్థంతో రాశాను: 'తొడిమ తీసిన తేజ మిర్చి. ప్రతి లాటుకూ ఆఫ్లటాక్సిన్ రిపోర్టు, రైతు ఊరు.' రిపోర్టులు మా దగ్గర ఉన్నాయి, రెండో స్లైడ్‌లో పెట్టాను.

ఒక్కటే చిక్కు. మా ఛైర్మన్ బాబాయి చూసి, 'అంతా బాగుంది గానీ అబ్బాయ్, కంపెనీ పేరు మరీ చిన్నదైపోయింది, లోగోలు తీసేస్తే సాయం చేసినవాళ్లు ఏమనుకుంటారు' అన్నారు. పెద్దాయన మాట కాదనలేను. ఆయనదీ న్యాయమే అనిపిస్తోంది.

బెజవాడ_అక్షరం

బాబాయి గారు అడిగింది నూటికి నూరుపాళ్లు సబబు. ఊళ్లన్నీ తిరిగి రైతులను ఒప్పించి పెట్టుకున్న పేరు అది, తెర మీద నిండుగా కనబడాలని ఉంటుంది. దానికి చోటు చివరి స్లైడ్. మీ పది నిమిషాలు అయ్యాక ప్రశ్నలు మొదలవుతాయి, అదంతా అయ్యేదాకా చివరి స్లైడే తెర మీద ఉంటుంది. ఒక్కోసారి మీరు మాట్లాడిన సమయం కంటే అదే ఎక్కువసేపు. అక్కడ కంపెనీ పేరు తెలుగులో స్లైడంత వెడల్పున వేయండి. కింద ఫోను నంబరు, ఈమెయిలు పెద్దగా, అడుగున సాయం చేసిన సంస్థల లోగోలన్నీ ఒకే ఎత్తులో ఒక వరసలో. 'ధన్యవాదాలు' అని మాత్రమే రాసి ఆ స్లైడ్‌ను వృథా చేయకండి. ధన్యవాదాలు మీరు నోటితో చెబుతారు కదా. లోగోలున్న ఆ స్లైడ్ బాబాయి గారికి ముందే చూపించండి, ఒప్పుకుంటారు.

మొదటి స్లైడ్‌లో వాక్యం 54 పాయింట్లుంటే పేరు 32 దాకా పెంచొచ్చు, ఫొటో ఖాళీలో పడుతుంది. పేరును 'రైతు ఉత్పత్తిదారుల' దగ్గర విరిచి 'కంపెనీ లిమిటెడ్' కింది వరసలోకి తెండి. ఎంటర్ కొట్టకండి, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే పేరా మధ్య దూరం రాకుండా వరస మాత్రమే మారుతుంది. స్పేసింగ్ 1.2 పెట్టాక కూడా తావత్తు కింది గుడికి తగులుతుంటే 1.25 చేయండి. హాల్లో ఏ ల్యాప్‌టాప్ వాడతారో అడిగి, వీలైతే ముందు రోజు సాయంత్రం అదే మెషీన్‌లో ఒకసారి తెరిచి చూసుకోండి.