జీతంలో ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కటింగ్ ఉంటే షాపువాళ్లు సిక్ లీవ్ ఇవ్వక్కర్లేదా?

కౌంటర్_అమీర్‌పేట: సూపర్‌మార్కెట్ బిల్లింగ్, జీతం 18,000. జ్వరానికి మూడు రోజులు మానితే 1,800 కోశారు. అడిగితే "ఈఎస్‌ఐలో తీసుకో" అంటున్నారు. కరెక్టేనా?

పేరోల్_రమణ: కరెక్టే. 21,000 లోపు జీతానికి ఓనరు 3.25 శాతం, మీరు 0.75 శాతం కడుతున్నారు. సిక్‌నెస్ బెనిఫిట్, అంటే జబ్బు రోజులకి ఈఎస్‌ఐ ఇచ్చే డబ్బు, జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఒకే రోజుకి ఇటు జీతం, అటు బెనిఫిట్ రెండూ రావు.

శంకరన్న_యూనియన్: రమణ గారూ, 91 రోజుల మాట తర్వాత. మూడు రోజుల జ్వరానికి లెక్క వేయండి. ఈఎస్‌ఐ మొదటి రెండు రోజులకి పైసా ఇవ్వదు, పాత జబ్బు తగ్గిన 15 రోజుల్లోపు మళ్లీ పడితే తప్ప. ఈఎస్‌ఐ చూసేది ఆరు నెలల సగటు జీతం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చిన జీతం 1,08,000. 183 రోజులకి పంచితే రోజుకి 590, అందులో 70 శాతం 413. పోయింది 1,800, మూడో రోజుకి వచ్చేది 413! తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం (1988) ఏడాదికి 12 రోజులు జీతంతో జబ్బు సెలవు ఇమ్మంటోంది. క్యాజువల్ 12 దానికి వేరు.

పేరోల్_రమణ: ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు అలాంటి ప్రయోజనమే ఇంకో చట్టం కింద అడగకూడదు. అదీగాక సర్టిఫికెట్ ఏది? అందరూ వీధి చివరి క్లినిక్ చీటీ తెస్తారు. ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి మొదటి రోజే వెళ్లి జబ్బు ఉందని ఫస్ట్ సర్టిఫికెట్, తగ్గాక ఫిట్‌నెస్ తేవాలి.

లక్ష్మి_గుంటూరు: కొత్తగా చేరినవాళ్లకి తొమ్మిది నెలలదాకా వైద్యమే, డబ్బు రాదు. ఆ తర్వాతైనా ఆరు నెలల్లో 78 రోజుల చందా పడి ఉండాలి. వాళ్లనీ ఈఎస్‌ఐకే పొమ్మంటారా?

శంకరన్న_యూనియన్: అదే కదా నేను మొత్తుకునేది. ఈఎస్‌ఐలో హక్కు ఉన్న రోజుకే ఆ అడ్డు. హక్కే లేని మొదటి రెండు రోజులకి అడ్డేముంది? అవి షాపు ఇవ్వాల్సినవే. మాటిమాటికీ సర్టిఫికెట్ దగ్గరికి లాగకండి.

పేరోల్_రమణ: సరే, సూటిగా చెప్తా. పండగ ముందు నలుగురు జ్వరమంటే కౌంటర్లు మూసుకోవాలి. రెండు రోజుల జీతం పోతుందన్న భయం ఉంది కాబట్టే మనుషులు డ్యూటీకొస్తున్నారు. ఆ భయం తీసేస్తే షాపు మీరు నడుపుతారా?

శంకరన్న_యూనియన్: ఇప్పుడు బయటపడింది. అంటే చట్టం కాదు మీ బాధ, మనుషులు రారేమోనని. ఆ భయంతో వచ్చేవాడు ఒళ్లు కాలిపోతూ వస్తున్నాడు, పక్క కౌంటర్‌కి అంటిస్తున్నాడు. రిలీవర్‌ని (బదులు మనిషిని) పెట్టుకోవడం ఓనరు పని, జ్వరం వచ్చినవాడిది కాదు.

పేరోల్_రమణ: రిలీవర్ జీతం మీ యూనియన్ ఇస్తుందా?

లక్ష్మి_గుంటూరు: టీబీ, క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులకి 80 శాతం, రెండేళ్ల దాకా ఉంది. రెండేళ్ల సర్వీసు కావాలి. ఈఎస్‌ఐని మరీ తీసిపారేయకండి.

కౌంటర్_అమీర్‌పేట: అన్నా, నేనిప్పుడు ఏం రాసివ్వాలి?

శంకరన్న_యూనియన్: తమ్ముడూ, మొదటి రెండు రోజులు సిక్ లీవ్‌గా, మూడో రోజు ఈఎస్‌ఐగా వేయమని రాసి, కాపీ మీద సంతకం తీసుకో. డిస్పెన్సరీ సర్టిఫికెట్ ఉంటే ఆ మూడో రోజుకి ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో క్లెయిమ్ వెయ్యి. షాపు కాదంటే జీతం చీటీ, ఆ కాపీ పట్టుకుని సహాయ కార్మిక అధికారికి ఫిర్యాదివ్వు.